నకలు, పోటీ, పనితనం: కర్నూలు, కడప సూక్ష్మచిత్రాలు లేవనెత్తే ప్రశ్నలు

వస్తువు మీద మన సభల్లో జరిగినంత చర్చ పనితనం మీద జరగలేదు. ఒక కథలోని భూస్వామి ఏ వర్గ స్వభావాన్ని వ్యక్తం చేస్తున్నాడో గంటల తరబడి తర్కించుకుంటాం. ఆ భూస్వామిని రచయిత కథలోకి ఎట్లా నడిపించుకొచ్చాడు, కిర్రుచెప్పుల చప్పుడు ముందు వినిపించి మనిషిని తర్వాత ఎందుకు చూపాడు, ఆ పద్ధతి ఎవరి దగ్గర పట్టుకున్నాడు, రేపు మరొకరు దాన్ని ఎట్లా వాడుకోవచ్చు అని అడిగినవాడు మాత్రం రూపవాది అనిపించుకుంటాడు. ఒక రచయిత ఇంకొక రచయిత దగ్గర పని నేర్చుకుంటే మర్యాదకు ‘ప్రభావం’ అంటాం, మర్యాద అక్కర్లేదనుకుంటే ‘అనుకరణ’ అంటాం. ‘నేర్చుకున్నాడు’ అన్న మామూలు మాట మన విమర్శలో దాదాపు కనిపించదు. రచయితల మధ్య పోటీ ఉండటం ఇంకా పెద్ద తప్పు మనకు. ఉన్నా లేనట్టే నటిస్తాం.

ఈ అలవాటు ఎంత లోపమో తెలియడానికి సాహిత్యం బయట, మన సీమలోనే ఒక ఉదాహరణ ఉంది. 18వ శతాబ్దంలో కర్నూలు, కడప నవాబుల నీడన కాగితం మీద చిన్న చిన్న మనుషుల బొమ్మలు వేసిన చిత్రకారుల ఉదాహరణ అది. చేతిలో పట్టుకొని, కళ్లకు దగ్గరగా తెచ్చుకొని చూసే ఈ బొమ్మల్ని సూక్ష్మచిత్రాలంటున్నాం. కర్నూలును ఏలినవారు పన్నీ వంశపు పఠాన్లు, కడపను ఏలినవారు మయానా పఠాన్లు. చరిత్ర పాఠాల్లో వీళ్లు కుట్రలకే గుర్తుంటారు. 1750లో నిజాం నాసిర్ జంగ్‌ను చంపించడం, మరుసటి ఏడాది రాయచోటి దగ్గరి పోరులో ముజఫర్ జంగ్, కర్నూలు నవాబు ఇద్దరూ పడిపోవడం విద్యార్థులు పరీక్షల కోసం కంఠస్థం చేస్తారు. ఇదే ఆస్థానాల్లో చిత్రాలు కూడా వేయించారన్న సంగతి పాఠంలో ఉండదు. మార్క్ జెబ్రోవ్‌స్కీ 1983లో దక్కన్ చిత్రకళ మీద ప్రచురించిన పుస్తకం వంటివి వచ్చాకే ఈ బొమ్మలకు చరిత్రలో కొంత చోటు దొరికింది. ఆ చోటు కూడా చివరి అధ్యాయాల్లోనే. బిజాపూరు, గోలకొండ, హైదరాబాదు అయిపోయాక మిగిలిన కొసరుగా కర్నూలు, కడప, సురపురం, గద్వాల పేర్లు వస్తాయి.

కొసరు అనడానికి చెప్పే కారణం ఒకటే. ఇవి పెద్ద ఆస్థానాల బొమ్మలకు నకళ్లట. దిండుకు ఆనుకొని హుక్కా పట్టుకున్న ప్రభువు, వెనక వింజామర వీచే సేవకుడు, కుడిచేతిలో పువ్వు పట్టుకొని పక్కకు తిరిగి నిలుచున్న అమీరు. ఇవన్నీ హైదరాబాదులో ఉన్నవే, అంతకు ముందు గోలకొండలో ఉన్నవే, ఇంకా ముందు ఢిల్లీ, ఆగ్రాల్లో ఉన్నవే. చాలా బొమ్మల మీద వేసినవాడి పేరు లేదు. పేరు లేదు కాబట్టి వ్యక్తిత్వం లేదు, వ్యక్తిత్వం లేదు కాబట్టి నకలు. ఈ తర్కం చిత్రకళా చరిత్రకారులది కావచ్చు గాని, మన సాహిత్య విమర్శకులు వాడేది కూడా అచ్చంగా ఇదే.

నకలు ఎట్లా తయారవుతుందో చూడకుండా నకలు అనడం తేలిక. సూక్ష్మచిత్రకారుల దగ్గర చర్బా అనే పరికరం ఒకటి ఉండేది. అవతలి గీత కనిపించేంత పలచగా సాపు చేసిన జింకతోలు అది. మంచి బొమ్మ మీద దాన్ని పరిచి, గీతల వెంబడి సూదితో సన్నని చిల్లులు పొడుస్తారు. ఆ తోలును కొత్త కాగితం మీద పెట్టి బొగ్గుపొడి కట్టిన చిన్న మూటతో తడితే చిల్లుల్లోంచి పొడి దిగి చుక్కల వరస పడుతుంది. చుక్కలు కలుపుకుంటే బొమ్మ కట్టు దొరికినట్టే. ఇదేదో మరుగునపడిన విద్య అనుకోనక్కర్లేదు. మన ఊళ్లలో చీరలకు, జాకెట్లకు మగ్గం వర్కు చేసే దుకాణాల్లో ఇప్పటికీ ట్రేసింగ్ కాగితం మీద సూదితో పొడిచి, పైన కిరసనాయిల్లో కలిపిన పొడి రుద్ది గుడ్డ మీదికి డిజైను దింపుతారు. అదే సూత్రం. చర్బా ఉస్తాదు నుంచి శిష్యుడికి, తండ్రి నుంచి కొడుక్కి, పొట్టకూటికి ఊరు మారిన చిత్రకారుడి మూటలో ఒక ఆస్థానం నుంచి మరొక ఆస్థానానికి పోయేది. ఢిల్లీ బొమ్మ కర్నూలుకు వచ్చిందంటే ఎవరో ఒకరు దాన్ని దాచుకోకుండా ఇచ్చారన్నమాట.

అయితే చర్బా ఇచ్చేది చుక్కల్నే. ఆ తర్వాతి పనంతా చేతిది. కాగితాల్ని పొరలుగా అంటించి వస్లీ తయారు చెయ్యాలి. దాని మీద పలచటి తెల్లపూత పూసి, బోర్లించి వెనకనుంచి నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టాలి. రంగు పూసినప్పుడల్లా ఆ మెరుగు మళ్లీ మళ్లీ పెట్టాలి. ఉడుత తోక వెంట్రుకల్ని పక్షి ఈక గొట్టంలో బిగించి కుంచె కట్టుకోవాలి. ఇంగిలీకం, హరిదళం, నీలిమందు, సఫేదా వేటికవి నూరి, తుమ్మజిగురు ఎంత పడాలో వేలికొనతో తెలుసుకోవాలి. జిగురు తక్కువైతే రంగు రాలుతుంది, ఎక్కువైతే పగులుతుంది. జంగాల్ అనే రాగి పచ్చ ఉంది, అది ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్నే తినేస్తుంది. అందులో కుంకుమపువ్వు కలిపితే ఆ తినివేత తగ్గుతుందని పారసీక చిత్రకారులు కనుక్కున్నారు. ఇక పర్దాఖ్తు అనే పని చెంప గుండ్రదనం కోసం సూదిమొన లాంటి కుంచెతో వందల చుక్కలు, సన్న గీతలు వెయ్యడం. ఏ చర్బా కూడా దీన్ని నేర్పదు. ఒకే చర్బా నుంచి దింపిన రెండు బొమ్మల్ని పక్కపక్కన పెడితే ఒకదాంట్లో నవాబు బతికుంటాడు, రెండోదాంట్లో అదే తలపాగా, అదే హుక్కా, మనిషి మాత్రం ఉండడు. పోటీ అంతా ఈ తేడా దగ్గరే. కట్టు అందరిదీ ఒకటే గనుక ఎవరి చెయ్యి ఎంతదో తేలిపోతుంది. నా ఉద్దేశంలో నకలు ఈ కళలో పోటీకి వేదిక. అదే సమయంలో విద్య చేతులు మారే దారి కూడా. ఈ రెండూ ఒకే కాగితం మీద జరిగాయన్నది మనం గమనించవలసిన విషయం.

కర్నూలు చిత్రకారుల దినచర్యను నమోదు చేసిన అబుల్ ఫజల్ కర్నూలులో పుట్టలేదు గనుక పనిశాల లోపలి వ్యవహారం తెలుసుకోవాలంటే అక్బరు కార్ఖానాకు పోవాలి. అక్కడి లెక్కలు గట్టిగా మిగిలాయి. హమ్జానామాకు 1400 బొమ్మలు వేశారు. దాదాపు 15 ఏళ్లు పట్టింది. ఇరాన్ నుంచి వచ్చిన మీర్ సయ్యద్ అలీ, ఖ్వాజా అబ్దుస్సమద్ ఒకరి తర్వాత ఒకరు పని నడిపించారు. వాళ్ల కింద నేర్చుకున్నవారిలో ఎక్కువమంది ఈ దేశపు చిత్రకారులే. అక్బర్‌నామా బొమ్మలు 116 ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి కింది అంచున గుమాస్తా రాసిన పేర్లు చూస్తే ఈ కట్టు ఫలానావాడిది, రంగు ఫలానావాడిది అని ఉంటుంది. కొన్నిటి మీద ముఖం వేసినవాడి పేరు వేరే ఉంటుంది. ఒక బొమ్మకు ముగ్గురు. ముగ్గురిలో ఒకడు తడబడితే మిగతా ఇద్దరి పనీ పోయినట్టే. వారం వారం దరోగాలు బొమ్మల్ని పాదుషా ముందు పెట్టేవారని, పనితనాన్ని బట్టి బహుమానమో జీతం పెంపో ఉండేదని అబుల్ ఫజల్ రాశాడు. అంటే కలిసి పనిచేసినవాళ్లే వారాంతానికి ఎదురెదురుగా నిలబడాలి.

ఆ కార్ఖానాలో దశవంతుడు ఉండేవాడు. పల్లకీ మోసే బోయీ కొడుకు. గోడల మీద బొమ్మలు గీస్తూ పాదుషా కంటపడ్డాడు. అబ్దుస్సమద్‌కు అప్పగిస్తే కొద్దికాలంలోనే గురువుల సరసన నిలిచాడు. అతనికి సాటి వచ్చినవాడు బసావన్. రసజ్ఞులు చాలామంది దశవంతుడికంటే బసావన్‌నే మెచ్చుకుంటారని కూడా అబుల్ ఫజల్ దాచకుండా రాశాడు. ఇద్దరు మహా చిత్రకారుల్లో ఎవరు మిన్న అన్న వాదం ఆ రోజుల్లోనే జరిగిందన్నమాట. చదువూ కులమూ లేని బోయీ పిల్లవాడికి ఇరానీ ఉస్తాదు తన విద్యను ఇచ్చాడన్నది ఒక సత్యం. ఆ పిల్లవాడు మతి చలించి 1584లో తన ప్రాణం తానే తీసుకున్నాడన్నది మరొక సత్యం. కారణం ఫలానా అని నేను కల్పించను. కాని కార్ఖానాను కళాకారుల స్వర్గంగా వర్ణించే వ్యాసాలు మొదటి సత్యాన్ని చెప్పి రెండోదాన్ని దాటేస్తాయి.

జహంగీరు కాలానికి ఈ పోటీ వినోదంగా కూడా మారింది. ఒకే బొమ్మలో ముఖం ఒకరు, కన్నూ కనుబొమా మరొకరు వేస్తే ఏది ఎవరిదో చెప్పగలనని ఆయన తన జ్ఞాపకాల్లో గొప్పగా రాసుకున్నాడు. ఇంగ్లండు రాయబారి సర్ థామస్ రో 1616లో ఒక చిన్న బొమ్మ చూపించాడు. జహంగీరు దాన్ని తన చిత్రకారుడి చేత నకలు చేయించి, అసలుతోపాటు ఐదు నకళ్లు ఒకే పలక మీద అంటించి, రాత్రి దీపం వెలుగులో రో ముందు పెట్టాడు. నీది ఏదో చెప్పు అన్నాడు. ఆనవాలు పట్టడానికి తాను ఇబ్బందిపడ్డానని రో స్వయంగా రాసుకున్నాడు. సముద్రాలవతలి పద్ధతిలో వేసిన బొమ్మను ఇక్కడి చెయ్యి లొంగదీసుకోవడంలో ఎంత గర్వం ఉందో, అంత చదువూ ఉంది. ఐదుసార్లు వెయ్యడమంటే ఐదుసార్లు చదవడమే. ఆ చిత్రకారుణ్ణి అనుకరణవాది అనగల విమర్శకుడెవరో నాకు తెలియదు.

ఇక్కడ మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. ఇదంతా భూస్వామ్య ప్రభువు చావడిలో జరిగిన పోటీ, తీర్పరి ఆయనే, బహుమానం ఆయనదే, దీన్ని స్నేహపూర్వక పోటీ అనడం అమాయకత్వం కాదా? అభ్యంతరంలో బలముంది. తీర్పు పైనుంచి వస్తే పోటీదారులు ఒకరి ముఖం ఒకరు చూడరు, పైకే చూస్తారు. అయినా ఒక సంగతి మరచిపోకూడదు. కార్ఖానాలో బంగారం రేకు, ఖరీదైన రాళ్ల రంగులు, కాగితం ప్రభువు ఖర్చు. జీతం నెలనెలా వస్తుంది. పక్కవాడికి రంగు నూరే కిటుకు చెబితే తన ఇంట్లో పొయ్యి ఆరిపోదు. అందువల్ల చెప్పగలిగాడు. చర్బా ఇవ్వగలిగాడు. కళాకారుడు రహస్యాన్ని దాచుకోవడం అతని సంకుచిత మనస్తత్వం వల్ల అనుకుంటాం గాని, దాచుకోకుండా ఉండడానికి వెనక కొంత తిండి భరోసా కావాలి.

ఆ భరోసా పోయినప్పుడు ఏం జరుగుతుందో సీమ చరిత్రే చెబుతుంది. 1779లో కడపను హైదరాలీ పట్టుకున్నాడు. 1800లో ఆ ప్రాంతం కుంఫిణీకి పోయింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో తొలగించి కుంఫిణీ రాజ్యం కలిపేసుకుంది. పోషకుడు పోయాక రంగుపెట్టె పట్టుకున్నవాడికి మిగిలింది బజారే. కర్నూలు సీమలో ఆ బజారు పనికి పేరుపడ్డ ఊరు నొస్సం. ఇప్పుడది నంద్యాల జిల్లా సంజామల మండలంలో ఉంది. అక్కడ తయారైన గంజీఫా పేకముక్కలు విదేశీ సేకరణల దాకా పోయాయి. గుండ్రటి ముక్కలు, ఒక్కొక్కటి చిన్న బొమ్మ. దశావతార గంజీఫా అంటే 10 రంగులు, రంగుకు 12 చొప్పున 120 ముక్కలు. ప్రతి రంగులోనూ రాజు, మంత్రి బొమ్మలు, తక్కిన పది ముక్కల మీద ఒకటి నుంచి పది దాకా ఆ అవతారపు గుర్తులు. చేపలో, తాబేళ్లో, గొడ్డళ్లో. లెక్క కడితే ఒక రంగుకు 55 గుర్తులు, కట్ట మొత్తానికి 550. పైన 20 మనుషుల బొమ్మలు. ఇంత పని ఒక్కడు చెయ్యడు. గంజీఫా తయారయ్యే చోట్ల చింతగింజల జిగురు కాచడం, సుద్దపూత, లక్కపూత, గుర్తులు దించడం ఇంటిల్లిపాదీ పంచుకుంటారు.

ఈ ముక్కల మీది మనుషుల్ని కొలతబద్ద పట్టుకొని ఆస్థాన చిత్రాలతో పోల్చి ‘క్షీణదశ’ అని రాయడం పరిపాటి. నేను ఒప్పుకోను. పర్దాఖ్తు లేదు, నిజమే. చెంప గుండ్రంగా లేదు. కాని చర్బా లేకుండా, ముందు గీసుకోకుండా, నాలుగు కుంచె విసుర్లలో గుర్రమెక్కిన మంత్రిని రూపాయి బిళ్లంత జాగాలో కూర్చోబెట్టడం వేరే విద్య. వేగం ఆ విద్యకు ప్రాణం, ఎందుకంటే కూలి ముక్కకే గాని గంటకు కాదు. కాలం పోషకుడిదిగా ఉన్నప్పుడు పుట్టిన నేర్పు వేరు, కాలం తన సొంత ఆకలిదిగా ఉన్నప్పుడు పుట్టిన నేర్పు వేరు. రెంటినీ ఒకే గీటురాయి మీద గీయకూడదు. అయితే రెండో పరిస్థితిలో పక్క ఇల్లు తోటి విద్యార్థి కాదు, బేరం లాక్కుపోయే పోటీదారు. పాకం పాళ్లు ఇంటి గడప దాటకపోవడం అక్కడే మొదలై ఉంటుందని నా అనుమానం. అచ్చుయంత్రం మీద తయారైన చవక పేకముక్కలు వచ్చిపడ్డాక ఈ విద్యకు గిరాకీ పోయింది. గడప దాటని విద్య గడపలోనే పోయింది.

గడప దాటించిన ఉదాహరణ మనకు పొరుగునే ఉంది. శ్రీకాళహస్తిలో గుడ్డ మీద కలంతో పురాణ పాత్రలు వేసే కలంకారీ 20వ శతాబ్దం నడిమికి కొద్ది చేతుల్లో మిగిలింది. 1950ల చివర్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య అందులో నేర్పారు. నేర్చుకునేవారికి స్టైపెండు ఇచ్చారు. ఆయన కుమారుడు గురప్పశెట్టి బడిపంతులుగా పనిచేసి ఈ పనిలోకి వచ్చారు, పద్ధతుల్ని పుస్తకాల్లో పెట్టారు, 2008లో పద్మశ్రీ అందుకున్నారు. చింతకొమ్మ బొగ్గుతో గీయడం, కరక్కాయ పాలలో గుడ్డ నానబెట్టడం, తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టి నలుపు తియ్యడం ఇవాళ ఎవరైనా నేర్చుకోవచ్చు. అందరూ నేర్చుకుంటే పని చవకబడుతుందన్న భయం అక్కడా ఉంది, పూర్తిగా అబద్ధమూ కాదు. కాని నొస్సానికీ కాళహస్తికీ తేడా ఏమిటని అడిగితే, ఒకచోట నేర్పేవాడి కడుపు గురించి, నేర్చుకునేవాడి కడుపు గురించి ఎవరో ఆలోచించారు, రెండోచోట ఆలోచించలేదు.

ఇప్పుడు మన సంగతి. నంది తిమ్మన ముక్కు మీద చెప్పిన పద్యాన్ని భట్టుమూర్తి డబ్బిచ్చి కొనుక్కొని వసుచరిత్రలో పెట్టుకున్నాడని పండితులు కథ చెబుతారు. కథ నిజమని నేను నమ్మను. కాని దాన్ని కల్పించినవారి మనస్తత్వం ఆసక్తికరం. ఒక కవి మెలకువ ఇంకొక కవిలో కనిపిస్తే నేర్చుకొని ఉంటాడు, పందెం వేసుకొని దాన్ని మించబోయి ఉంటాడు అని వాళ్లకు తోచలేదు. కొని ఉండాలి, లేదా దొంగిలించి ఉండాలి. మెలకువ అంటే సొత్తు అన్న భావన అంత లోతుగా దిగింది. పరస్పరం పోటీపడుతూనే ఒకరి చేతిలోని పనిముట్టు ఇంకొకరు తీసుకున్న సభగా భువనవిజయాన్ని చూసిన విమర్శ మనకు తక్కువ.

సీమ కరువు కథకు కూడా ఒక చర్బా ఉంది. ఎండిన బావి, ముఖం చాటేసిన మేఘం, సంతకు తోలుకుపోయే ఎద్దులు, తెల్లవారకముందే వలసపోయే బస్సు. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ తరం నుంచి ఇవాళ్టి యువకుల దాకా ఈ చుక్కల మీదనే గీత నడుస్తోంది. కోస్తా విమర్శకులు కొందరు దీన్ని పునరుక్తి అంటారు, మనవాళ్లు కొందరు నొచ్చుకొని ‘మా బతుకే పునరుక్తి’ అని జవాబిస్తారు. విమర్శ, జవాబు రెండూ చుక్కల గురించే. గీత గురించి ఎవరూ మాట్లాడలేదు. 1968లో కడప నుంచి ‘సంవేదన’ నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి ఉద్దేశం మంచిదైనంత మాత్రాన కథ మంచిదైపోదని మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ నిక్కచ్చితనం మనం కొంత నిలుపుకున్నాం. పని ఎక్కడ చెడిందో, ఎట్లా బాగుపడుతుందో కూర్చొని చూపించే ఓర్పు మాత్రం అలవరచుకోలేదు. కథా శిబిరాల్లో కథ చదవడం, ‘బాగుంది’ అనడం, టీ తాగడం జరుగుతున్నాయి. మెచ్చుకోలు సౌహార్దమే, కాదనను. దానివల్ల ఎవరికీ ఏమీ అబ్బదు.

ఈసారి శిబిరంలో ఒకే చర్బా అందరికీ ఇచ్చి చూడవచ్చు. సంతలో ఎద్దుల్ని అమ్మే సన్నివేశం, ఒకటే పేజీ, పేర్లు కనపడకుండా. చదివాక రాసినవాళ్లే ఒకరి పేజీ ఒకరు విప్పి చూడాలి. తీర్పరి అక్కర్లేదు, బహుమతి అసలే వద్దు. ఎక్కువమంది రైతు కళ్లలో నీళ్ల దగ్గర ఆగిపోతారని నా అంచనా. అక్కడిదాకా చర్బాయే తీసుకుపోతుంది. ఎవరో ఒకరు పలుపుతాడు దగ్గరికి పోతారు. మన పల్లెల్లో ఎద్దును అమ్మినా పలుపు ఇవ్వరు, విప్పుకొని ఇంటికి తెచ్చుకుంటారు. కొన్నవాడు తన తాడు తెచ్చుకొని కట్టుకోవాలి. ఆ రెండు తాళ్లూ మారే క్షణంలో ఎద్దు మెడ ఖాళీగా ఉంటుంది. ఆ ఒక్క వాక్యం రాసినవాడు అది ఎట్లా పట్టుకున్నాడో మిగతావాళ్లకు చెప్పాలి, మిగతావాళ్లు మరుసటి కథలో దాన్ని మించడానికి చూడాలి.